మచ్చను తేల్చేది క్రీము కాదు, లాగుడు

కుట్లు తీయించుకున్న రోజు సాయంత్రమే చాలామంది మందుల షాపు దగ్గర ఆగుతారు. "మచ్చ పోయే క్రీము ఏదైనా ఇవ్వండి" అంటారు. షాపతను మూడింట్లో ఒకటి చేతిలో పెడతాడు: ఉల్లి సారం కలిపిన జెల్, విటమిన్ ఇ క్యాప్సూళ్లు, లేదంటే ముఖం తెల్లబడటానికి అమ్మే స్టెరాయిడ్ క్రీము. మొదటిదాని లాభం ఇంతవరకూ గట్టిగా రుజువు కాలేదు. రెండోది కొందరికి దద్దుర్లు తెస్తుంది. మూడోది డాక్టరు చెప్పకుండా వాడితే చర్మాన్ని పలచబరిచి, మచ్చ పక్కన ఇంకో మచ్చ తెచ్చిపెడుతుంది. అదే షాపులో దూది కట్టల మధ్య పడి ఉండే కాగితం టేపు చుట్టను మాత్రం ఎవరూ అడగరు. క్రీము ఖరీదులో చిన్న వంతుకే దొరికే ఆ టేపే మొదటి మూడు నెలల్లో ఎక్కువ పని చేస్తుందని నేను వాదిస్తాను.

ఇది కొద్దిమంది గొడవ కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశం మొత్తం మీద 21.5. అంటే పొట్ట కింద కోత లేని బాలింతను వెతుక్కోవాల్సిన చోట మనం ఉన్నాం. దానికి థైరాయిడ్, గుండె, మోకాలు, పిత్తాశయం ఆపరేషన్లు కలుపుకోండి. ఇంతమందికి డిశ్చార్జ్ కాగితంలో మచ్చ గురించి ఒక్క వాక్యమూ ఉండదు. మాత్రలు ఎప్పుడు వేసుకోవాలో, మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలో రాసి ఊరుకుంటారు. ఆ ఖాళీలోకి మందుల షాపూ, యూట్యూబూ, పక్కింటి పిన్నిగారూ వస్తారు.

ముందు ఒక మాట ఒప్పుకుని మొదలుపెడదాం. మచ్చ పూర్తిగా పోదు. చర్మం లోపలి పొర దాకా తెగితే మచ్చతోనే అతుకుతుంది. తల్లి గర్భంలో తొలి నెలల పిండానికి మాత్రమే మచ్చ లేకుండా గాయం మాన్పుకునే శక్తి ఉంది, పుట్టాక అది ఎవరికీ ఉండదు. కాబట్టి "మచ్చ మాయం" అని రాసి ఉన్న ఏ ట్యూబునైనా ఆ రెండు మాటల దగ్గరే పక్కన పెట్టేయొచ్చు. మన చేతిలో ఉన్నది ఆ గీత సన్నగా, చదునుగా, చుట్టుపక్కల చర్మం రంగుకు దగ్గరగా వచ్చేలా చూసుకోవడం.

గాయం మానే లెక్క తెలిస్తే ఎందుకు తొందర పడాలో, ఎందుకు పడకూడదో రెండూ అర్థమవుతాయి. పైచర్మం రెండు రోజుల్లోనే మూసుకుంటుంది. లోపలి బలం అంత త్వరగా రాదు. వారానికి ఆ అతుకు బలం మామూలు చర్మంలో పదో వంతు కూడా ఉండదు. మూడు వారాలకు పావు వంతుకు అటూ ఇటూగా వస్తుంది. మూడు నెలలకు దాదాపు 80 శాతానికి చేరి అక్కడే ఆగిపోతుంది, నూరు శాతం ఎప్పటికీ కాదు. కుట్లు తీసేసేది చోటును బట్టి ఐదు నుంచి పద్నాలుగు రోజుల మధ్య. అంటే కుట్లు పోయిన రోజుకు, అతుకు గట్టిపడే రోజుకు మధ్య రెండున్నర నెలల ఖాళీ ఉంది. ఆ రెండున్నర నెలలూ నడిచినా, దగ్గినా, బిడ్డను ఎత్తుకున్నా కోత రెండు అంచులూ విడిపోవాలని చూస్తుంటాయి. లాగుడు తగిలిన కొద్దీ కణాలు కొల్లాజెన్‌ను, అంటే చర్మాన్ని పట్టి ఉంచే పోగులను, ఇంకా ఎక్కువ పోగేస్తాయి. మచ్చ వెడల్పవుతుంది, లేదా పొంగుతుంది. నా వాదనంతా ఈ ఖాళీ గురించే, అందులో ఆ లాగుడును టేపు తగ్గిస్తుందన్నదే.

లాగుడు ఎంత పని చేస్తుందో చూడాలంటే పొంగే మచ్చలు ఒంటి మీద ఎక్కడెక్కడ వస్తాయో గమనించండి. రొమ్ము ఎముక మీద, భుజాల మీద, వీపు పై భాగంలో, కదలికకు చర్మం నిత్యం సాగే చోట్ల. పై కనురెప్ప మీద కెలాయిడ్, అంటే గాయం హద్దు దాటి పాకే పొంగిన మచ్చ, దాదాపు కనిపించదు, ఒంట్లో వేరే చోట కెలాయిడ్లు ఉన్నవాళ్లకు కూడా. ఛాతీ మీది కెలాయిడ్ పక్కలకు రెక్కలు చాచినట్టు పెరుగుతుంది, ఎందుకంటే అక్కడి చర్మాన్ని చేతులు అటూ ఇటూ లాగుతుంటాయి. చెవి తమ్మె మాత్రం ఈ లెక్కకు లొంగదు. అక్కడ లాగుడు తక్కువే అయినా కుట్టిన చోట కెలాయిడ్లు బాగా వస్తాయి, మానని పుండు, పదే పదే రాపిడి దానికి కారణాలు.

వియన్నాలో శరీర నిర్మాణ శాస్త్రవేత్త కార్ల్ లాంగర్ 1861లో శవాల చర్మానికి గుండ్రని సాధనంతో రంధ్రాలు పొడిచి, అవి గుండ్రంగా కాకుండా సన్నటి చీలికల్లా తెరుచుకోవడం చూశాడు. చర్మానికి ఒక వాలు ఉందన్నమాట. ఆ వాలు వెంబడి కోస్తే మచ్చ సన్నగా వస్తుంది, దానికి ఎదురుగా కోస్తే వెడల్పవుతుంది. పొత్తికడుపు మీద ఆ వాలు అడ్డంగా సాగుతుంది. 1900లో జర్మన్ వైద్యుడు ఫానెన్‌స్టీల్ వర్ణించిన అడ్డకోత ఇప్పుడు సిజేరియన్లలో మామూలైపోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. బొడ్డు కింద నిలువుకోత పడినవాళ్లకు మచ్చ ముదరడం సహజం. అయితే ప్రాణం మీదికి వచ్చిన వేళ సర్జన్ నిలువుకోత వేస్తే తప్పు పట్టడానికి లేదు. అక్కడ మచ్చ ఆఖరి లెక్క.

ఆపరేషన్‌కు ముందే చెప్పాల్సినవి

ముందుగా తేదీ ఖాయమైన ఆపరేషన్ అయితే సర్జన్‌తో ఒక్క ఐదు నిమిషాలు మాట్లాడండి. ఎడమ భుజం మీది బీసీజీ టీకా మచ్చ చూపించండి. అది చిన్న గుంటలా ఉంటే ఫర్వాలేదు. గట్టిగా, నున్నగా ఉబ్బి, అప్పుడప్పుడూ దురద పెడుతుంటే మీ చర్మానికి పొంగే గుణం ఉందని అర్థం. చెవులు, ముక్కు కుట్టించుకున్న చోట కండ పెరిగిందా, అమ్మకో అన్నదమ్ములకో అలా ఉందా అన్నదీ చెప్పండి. మన చర్మం రంగువాళ్లలో తెల్లవాళ్ల కంటే కెలాయిడ్లు ఎక్కువ. పది నుంచి ముప్పై ఏళ్ల మధ్య వయసులో ఇంకా ఎక్కువ. ఈ సంగతి ముందే తెలిస్తే సర్జన్ కుట్ల పద్ధతి మార్చుకుంటారు, కుట్లు తీశాక నెలకోసారి చూడటానికి రమ్మంటారు.

కుట్ల గురించి అడగడానికి మొహమాటం అక్కర్లేదు. పైకి కనిపించే కుట్టు కంటే, చర్మం అడుగు పొరలో వేసే కరిగే కుట్టే బరువు మోస్తుంది. అది బాగా పడితే పై కుట్టు అంచుల్ని కలిపి ఉంచితే చాలు. పైన విడివిడి కుట్లు వేస్తే అవి ఎక్కువ రోజులు ఉండకూడదు. మెడ, ముఖం మీద 5 నుంచి 7 రోజులు, పొట్ట మీద 7 నుంచి 10, ఛాతీ, చేతులు, కాళ్ల మీద 10 నుంచి 14. మోకాలి లాంటి కీళ్ల మీద 14 పట్టొచ్చు. గడువు దాటితే దారం దిగిన రంధ్రాల్లోకి పైచర్మం పాకి, గీతకు అటూ ఇటూ రైలు పట్టాల అడ్డచెక్కల్లా చుక్కలు మిగిలిపోతాయి. వాటిని తర్వాత ఏ టేపూ చెరపలేదు. "పెళ్లి ఉంది, వచ్చే వారం తీయించుకుంటాం" అని వాయిదా వేసేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. తీసే రోజు డాక్టరు చెప్పింది, మీరు నిర్ణయించుకునేది కాదు.

షుగరు, పొగాకు సంగతి డాక్టర్లు చెబుతూనే ఉంటారు కాబట్టి క్లుప్తంగా. ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల ముందు సిగరెట్టు, బీడీ, చుట్ట మానాలి. గుట్కా, ఖైనీకి మినహాయింపు లేదు, నికోటిన్ ఏ దారిన వెళ్లినా చర్మానికి రక్తం తీసుకెళ్లే సన్నటి నాళాలు ముడుచుకుంటాయి. షుగరు అదుపు తప్పి ఉంటే కోత చీము పట్టే అవకాశం పెరుగుతుంది. చీము పట్టి విచ్చుకుని, లోపలి నుంచి పూడుకున్న కోతకు సన్నటి మచ్చ రావడం కల్ల.

పప్పు మీద నింద

మన ఇళ్లలో ఆపరేషన్ అయినవాళ్లకు కందిపప్పు పెట్టరు. "చీము పడుతుంది" అంటారు. గుడ్డు వద్దు, వంకాయ వద్దు, గోంగూర వద్దు, పెరుగు చలవ చేస్తుంది, బాలింత నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట పెరుగుతుంది. చివరికి కారప్పొడి, చారు, అన్నం మిగులుతాయి. చీము పట్టేది క్రిముల వల్ల, పప్పు వల్ల కాదు. పప్పు మానిపించి మనం చేస్తున్న పనల్లా, చర్మం అతుకుకు కావాల్సిన ముడిసరుకును సరిగ్గా అవసరమైన నెలలోనే ఆపేయడం. కొల్లాజెన్ ప్రోటీన్‌తోనే తయారవుతుంది. దాని పోగులు గట్టిగా పేనుకోవాలంటే విటమిన్ సి ఉండాలి.

ఆపరేషన్ తర్వాత రోజుకు కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలని లెక్క. అరవై కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. ఒక గుడ్డులో దాదాపు 6 గ్రాములు, పచ్చి కందిపప్పు వంద గ్రాముల్లో 22, పావు లీటరు పాలలో 8. చారన్నంతో ఆ లెక్క ఎలా తేలుతుంది? రోజూ రెండు గుడ్లు, రెండు పూటలా ముద్దపప్పు, పెరుగు, ఒక జామకాయ లేదా ఉసిరికాయ పెట్టండి. మాంసం తినేవాళ్లకు చేపో కోడో పెట్టండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ప్రోటీన్ పెంచే ముందు తమ డాక్టరును అడగాలి. అత్తగారితో వాదన పెట్టుకోవడం కష్టమైతే సర్జన్ చేత చీటీ మీద "పప్పు, గుడ్డు పెట్టాలి" అని రాయించుకోండి. నోటిమాటకు లేని బరువు చీటీకి ఉంటుంది.

మొదటి రెండు వారాలు

"కుట్లకు చుక్క నీరు తగలకూడదు" అనేది ఇంకో నమ్మకం. సర్జన్ ప్రత్యేకంగా వద్దని చెబితే తప్ప, 48 గంటలు దాటాక మగ్గుతో మెల్లగా నీళ్లు పోసుకోవచ్చు. తొట్టిలో, చెరువులో నానడం మాత్రం కోత పూర్తిగా మానేదాకా వద్దు. మామూలు సబ్బు నురగ దాని మీదుగా జారిపోనిచ్చి, రుద్దకుండా ఉతికిన నూలు గుడ్డతో అద్దాలి. చెమట, మురికి పేరుకున్న కోత కంటే కడిగి ఆరబెట్టిన కోత మేలు.

తర్వాత యాంటీబయాటిక్ పౌడరు. మన ఊళ్లలో దీని మీద ఉన్న ప్రేమ అంతా ఇంతా కాదు. పౌడరు చల్లితే గాయం "ఆరుతుంది" అంటారు. ఆరడమే ఇక్కడ చేటు. పరిశోధకుడు జార్జ్ వింటర్ 1962లో పందుల మీద చేసిన ప్రయోగంలో, తడి ఆరకుండా పలుచటి పొరతో కప్పిన గాయాల మీద కొత్త చర్మం, పక్కు కట్టిన గాయాల కంటే దాదాపు రెండింతల వేగంగా వచ్చింది. పక్కు కింద చర్మం పాకడానికి దారి చూసుకోవాలి, తడి ఉన్నచోట జారుకుంటూ వెళ్తుంది. పైగా ఈ పౌడర్లలో, ఆయింట్‌మెంట్లలో ఉండే నియోమైసిన్ చాలామందికి అలర్జీ తెస్తుంది. కోత చుట్టూ ఎర్రగా, చిన్న చిన్న పొక్కులతో దురద పెడుతుంటే చీము పట్టిందని ఇంకాస్త పౌడరు చల్లుతారు, అది ఇంకా ముదురుతుంది. అమెరికాలో 1996లో చర్మం మీది చిన్న ఆపరేషన్లు అయిన సుమారు 900 మందిలో సగానికి యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్, సగానికి ఉత్త పెట్రోలియం జెల్లీ ఇచ్చి చూశారు. ఇన్ఫెక్షన్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

కాబట్టి శుభ్రంగా మూసుకున్న కోతకు, సర్జన్ వేరే మందు రాయకపోతే, పలుచగా పెట్రోలియం జెల్లీ చాలు. డబ్బాలో వేళ్లు పెట్టకుండా ట్యూబు వాడండి. పసుపు, కొబ్బరినూనె, ఆముదం పచ్చి కోత మీద వద్దు. వంటింటి పసుపు క్రిములు లేని వస్తువు కాదు. పైగా పసుపు రంగు అంటుకున్న చోట కోత ఎర్రబడుతోందో లేదో డాక్టరుకు కూడా కనిపించదు.

జ్వరం, కోత చుట్టూ వేడి, రోజురోజుకీ పెరిగే నొప్పి, వాసన వచ్చే రసి, అంచులు విడిపోవడం, వీటిలో ఏది కనిపించినా మచ్చ మాట మరిచి అదే రోజు సర్జన్ దగ్గరకు వెళ్లాలి. మూడు నుంచి ఎనిమిది వారాల మధ్య గీత మీద ఒక్కచోట చిన్న మొటిమలా లేచి చుక్క చీము వచ్చిందంటే చాలాసార్లు అది లోపల కరగకుండా మిగిలిన దారం ముక్క. గిల్లకండి. సర్జన్ ఆ ముక్క తీసేస్తే రెండు రోజుల్లో మానుతుంది.

టేపు వేసే పద్ధతి

కుట్లు పోయి, పక్కులు రాలి, ఎక్కడా తడి లేదని తేలాక, అంటే మామూలుగా రెండో వారం తర్వాత టేపు మొదలుపెట్టాలి. మైక్రోపోర్ అని అడిగితే ఇచ్చే సాగని కాగితం టేపు, అంగుళం వెడల్పుది తీసుకోండి. గోధుమరంగుది దొరికితే బయటికి తక్కువ కనిపిస్తుంది. కోత చుట్టూ చర్మాన్ని కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. ఆ రోజు అక్కడ నూనె, జెల్లీ, క్రీము ఏదీ ఉండకూడదు. జిడ్డు మీద టేపు నిలవదు. గీత పొడవుకు రెండు కొసల్లోనూ రెండేసి సెంటీమీటర్లు కలిపి కత్తిరించి, మూలలు గుండ్రంగా కోయండి. మూల గుండ్రంగా ఉంటే బట్టకు తగులుకుని లేవదు. గీత మధ్యలోకి వచ్చేలా, సాగదీయకుండా పరిచి అద్దండి.

లాగుడు ఎక్కువ ఉన్న చోట, ఉదాహరణకు భుజం మీదో నిలువుకోత మీదో, అడ్డంగా నాలుగైదు సెంటీమీటర్ల ముక్కలు వేసుకోవచ్చు. ముందు ఒక పక్క అతికించి, వేలితో రెండో పక్క చర్మాన్ని కొంచెం గీత వైపు జరిపి, అప్పుడు మిగతా సగం అద్దాలి. జరగాల్సింది చర్మం, టేపును లాగకూడదు. లాగి అతికిస్తే టేపు కొసల దగ్గర నీటిపొక్కులు లేస్తాయి. టేపు పడలేదని చాలామంది చెప్పేది నిజానికి ఈ పొక్కుల సంగతే.

టేపుతోనే స్నానం చేసి, పైన గుడ్డతో అద్దుకుంటే చాలు. నాలుగు నుంచి ఏడు రోజులు ఉంటుంది. అంచులు లేస్తే కత్తిరించండి, పీకకండి. మార్చేటప్పుడు కొబ్బరినూనె అంచుల్లో ఇంకనిచ్చి, చర్మానికి సమాంతరంగా, గీత పొడవు వెంబడి మెల్లగా వొలవాలి. పైకి లాగితే మీరు కాపాడుకుంటున్న అతుకునే మీరు లాగినట్టు. నూనె కడిగి ఆరాక కొత్తది. ఇలా పన్నెండు వారాలు. 2005లో ప్రచురించిన ఒక ఆస్ట్రేలియా పరిశోధనలో సిజేరియన్ అయిన స్త్రీలలో కొందరికి పన్నెండు వారాలు కాగితం టేపు వేసి, కొందరిని వదిలేసి పోల్చి చూశారు. టేపు వేసినవాళ్లలో మచ్చ పొంగడం బాగా తగ్గింది. అది చిన్న పరిశోధనే, మధ్యలో మానేసినవాళ్లూ ఉన్నారు. అయినా ఇంత చవగ్గా, ఇంత తక్కువ హానితో ఇంకో మార్గం నాకు కనిపించలేదు.

ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు టేపు కింద చెమట పట్టి చర్మం చిటచిటలాడొచ్చు. అలాంటప్పుడు రెండు రోజులు విరామం ఇచ్చి మళ్లీ వేయండి. టేపు ఉన్నంత మేరా ఎర్రటి దద్దురు వస్తే జిగురు పడలేదని. అప్పుడు సిలికాన్‌కు మారాలి.

సిలికాన్‌ను మచ్చలకు 1980ల మొదటి నుంచి వాడుతున్నారు. పట్టీ రూపంలోనూ, జెల్ రూపంలోనూ దొరుకుతుంది. అది చర్మంలోకి ఇంకి మందులా పనిచేసేది కాదు. పైన పొరలా కూర్చుని తేమను ఆపుతుంది, తేమ నిలిచిన చర్మం కింద కణాల హడావిడి తగ్గుతుంది. కాబట్టి పూసిన మోతాదు కంటే పొర ఎన్ని గంటలు ఉందన్నదే ముఖ్యం. రోజుకు 12 గంటలకు తక్కువైతే దండగ, 20 దాటితే మంచిది, కనీసం రెండు మూడు నెలలు. పట్టీని రోజూ సబ్బుతో కడిగి ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. జెల్ అయితే రోజుకు రెండుసార్లు, మెరుపు కనిపించేంత పలుచగా రాసి, ఐదు నిమిషాలు ఆరాక బట్ట వేసుకోవాలి. మందంగా రాస్తే ఆరదు, చీరకు అంటుకుపోతుంది. డబ్బా మీద సిలికాన్, డైమెథికోన్, పాలీసిలాక్సేన్ లాంటి మాటలు మొదట్లోనే ఉన్నాయో లేదో చూసుకోండి. ఇరవై రకాల మూలికల తర్వాత చివర్లో కనిపిస్తే ఆ ధర మూలికల బొమ్మకు ఇస్తున్నట్టే. నిజం చెప్పాలంటే సిలికాన్ మీద జరిగిన పరిశోధనల్లో చాలావరకు చిన్నవి, గట్టివి కావు. హాని దాదాపు లేదు కాబట్టి, టేపు పడనివాళ్లకు, చెవి వెనకా కీళ్ల మడతల్లో టేపు నిలవని చోట్లా అదే సిఫార్సు చేస్తాను.

విటమిన్ ఇ గురించి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే క్యాప్సూలు గుచ్చి రాసుకోవడం ఇంటింటి వైద్యమైంది. 1999లో మయామిలో 15 మంది మీద చూశారు. ఒక్కొక్కరి మచ్చనూ రెండు సగాలు చేసి ఒక సగానికి ఉత్త లేపనం, ఒక సగానికి విటమిన్ ఇ కలిపింది రాశారు. విటమిన్ ఇ రాసిన సగం మెరుగుపడలేదు, కొందరిలో ఇంకా అధ్వాన్నమైంది. మూడో వంతు మందికి దద్దురు వచ్చింది.

చోటును బట్టి చిక్కులు

సిజేరియన్ గీతకు శత్రువు లంగా బొందు కాదు. అది కాస్త పైనే ఉంటుంది. లోదుస్తుల ఎలాస్టిక్, జీన్స్ నడుము సరిగ్గా గీత మీద కూర్చుంటాయి. మూడు నెలలు బొడ్డు దాకా వచ్చే నూలు లోదుస్తులు వాడండి. నిలువుకోత ఉన్నవాళ్లకు, బొడ్డు దగ్గర లాప్రోస్కోపీ రంధ్రాలు పడ్డవాళ్లకు మాత్రం బొందు ఒరుసుకుంటుంది. దానికి బదులు వెడల్పాటి నడుంపట్టీ ఉన్న లంగా మేలు. పొట్ట మడత గీత మీద పడేవాళ్లకు అక్కడ చెమట నిలిచి తామరలాంటి ఫంగస్ పట్టుకుంటుంది. రోజూ రెండుసార్లు వెల్లకిలా పడుకుని పది నిమిషాలు గాలి తగలనిచ్చి, మడతలో పలుచటి నూలు గుడ్డ పెట్టాలి. కాన్పు తర్వాత పొట్టకు కట్టే బెల్టు నొప్పి తగ్గడానికి, లేచి తిరగడానికి సాయపడుతుంది, పొట్టను తగ్గించదు. దాని కింది అంచు గీతను కోసేలా ఉంటే కింద మెత్త వేయండి.

గీత కింద గట్టిగా అతుక్కుని, పైన గట్టులా పొట్ట వేలాడుతుంటే మర్దన కొంత పనికొస్తుంది. గీత పూర్తిగా మానాక, సిజేరియన్‌కైతే ఆరు వారాల తర్వాత డాక్టరు సరేనన్నాక, రోజూ రెండుసార్లు ఐదేసి నిమిషాలు. రెండు వేళ్లు గీత మీద పెట్టి, గోళ్ల కొసలు తెల్లబడేంత ఒత్తిడితో, చర్మం మీద జారకుండా చర్మాన్నే కింది పొర మీద గుండ్రంగా కదపాలి. నొప్పి పుడితే ఆపేయాలి. ఇంకో సిజేరియన్ జరిగితే చాలామంది సర్జన్లు పాత మచ్చను చెక్కి తీసేసి కొత్తగా కుడతారు. అడిగి చూడొచ్చు.

థైరాయిడ్ కోత మెడ మడతలో కలిసిపోయి త్వరగా సర్దుకుంటుంది. అక్కడ పేచీ అంతా ఎండతో, గొలుసుతో. పుస్తెలతాడు గీత మీద పడకుండా కొన్నాళ్లు పొడుగు చేసుకోవాలి. పసుపు రాసే అలవాటుంటే గీత పక్కన ఆపాలి.

గుండె ఆపరేషన్ కోతే అన్నిటికంటే మొండిది. రొమ్ము ఎముక మీది చర్మం ఎప్పుడూ లాగుడులోనే ఉంటుంది. స్త్రీలలో రొమ్ముల బరువు రెండు వైపులా లాగుతుంది కాబట్టి ముందు హుక్కులున్న, తీగలేని, బరువును బాగా మోసే బ్రా రాత్రీ పగలూ వేసుకోవడం మచ్చకు మందే. మోకాలి మార్పిడికి మాత్రం నా సలహా తిరగబడుతుంది. మచ్చ సాగుతుందని వ్యాయామం ఆపితే మోకాలు బిగుసుకుపోతుంది. అక్కడ వెడల్పాటి మచ్చతో వంగే మోకాలే కావాలి.

ఎండ విషయంలో మన చర్మానికి వేరే లెక్క ఉంది. తెల్లచర్మంలో కొత్త మచ్చ గులాబీగా కనిపిస్తే మనకు ముదురు ఊదా, గోధుమ రంగులో కనిపిస్తుంది, ఎండ తగిలితే నల్లగా దిగిపోతుంది. బట్టల కింద ఉండే మచ్చకు సన్‌స్క్రీన్ అనవసరం. మెడ, ముఖం, ముంజేయి మీదైతే ఏడాది పాటు ఎస్‌పీఎఫ్ 30కి తగ్గనిది రాయాలి, బయట ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి. రంగున్న రకం, అంటే ఐరన్ ఆక్సైడ్ కలిసింది మనకు మేలు, చర్మాన్ని నల్లబరచడంలో కంటికి కనిపించే వెలుతురుకూ వాటా ఉంది కాబట్టి. నలుపు తగ్గడానికి ఆరు నెలల నుంచి ఏడాది పైన పడుతుంది. ఈ తొందరలోనే స్టెరాయిడ్ కలిసిన తెల్లబడే క్రీముల వల్లో పడతారు.

పొంగినప్పుడు

ఆరో వారం నుంచి మూడో నెల దాకా మచ్చ ముందుకంటే గట్టిగా, ముదురుగా కనిపించడం మామూలే. చాలామంది సరిగ్గా ఇక్కడే విసిగి టేపు పారేసి, లేజర్ ప్యాకేజీ కొంటారు. ఆ దశ దాటాక అదే మెత్తబడుతుంది, ఏడాది, ఏడాదిన్నర దాకా సర్దుకుంటూనే ఉంటుంది.

సర్దుకోనిది ఎలా తెలుస్తుంది? గీత హద్దుల్లోనే తాడులా లేచి దురద పెడుతుంటే అది పొంగిన మచ్చ. నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో మొదలవుతుంది, చాలావరకు ఏడాది రెండేళ్లలో తనంత తాను దిగుతుంది. హద్దు దాటి పక్క చర్మం మీదికి పాకుతుంటే కెలాయిడ్. అది నెలల తర్వాత కూడా మొదలవుతుంది, తనంత తాను దిగదు. రెండింటికీ తొలి చికిత్స ఒకటే, మచ్చ లోపలికి ట్రయామ్సినోలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్. మిల్లీలీటరుకు 10 నుంచి 40 మిల్లీగ్రాముల గాఢత, నాలుగు నుంచి ఆరు వారాలకోసారి, కొన్ని నెలల పాటు. గట్టి మచ్చలోకి సూది దిగడం నొప్పే. మందు పక్కకు పోతే చర్మం గుంటపడి తెల్లబడుతుంది. షుగరు ఉన్నవాళ్లకు కొన్ని రోజులు లెక్క పెరగొచ్చు. అయినా చిన్నగా ఉన్నప్పుడే మొదలుపెడితే తక్కువ సూదులతో లొంగుతుంది. బఠాణీ గింజంత ఉన్నప్పుడు రానివాళ్లు నిమ్మకాయంత అయ్యాక వచ్చి "కోసేయండి" అంటారు. కెలాయిడ్‌ను ఉత్తినే కోస్తే సగం మందిలోనైనా తిరిగి వస్తుంది, చాలాసార్లు ముందుకంటే పెద్దదై. కోసిన వెంటనే ఇంజెక్షన్లో, ఒకటి రెండు రోజుల్లోనే రేడియేషనో జత చేస్తేనే ప్రయోజనం. పులిపిర్లను కాల్చినట్టు సున్నం, సోడా పెట్టేవాళ్ల దగ్గరకు వెళ్తే కెలాయిడ్‌కు ఇంకో కొత్త గాయం ఇచ్చినట్టే.

లేజర్లకు చోటు ఉంది. ఎర్రదనానికి ఒకటి, గరుకుదనానికి ఒకటి. మన చర్మంలో రంగు ఎక్కువ కాబట్టి లేజర్ వేడిని ఆ రంగే పీల్చుకుని కాలిన మచ్చలు వస్తాయి. నల్లచర్మం మీద చేసిన అనుభవం ఉన్న చర్మవైద్యులైతేనే, చిన్న ముక్క మీద పరీక్షించాకే. కుట్లు తీసిన మూడో వారంలో ఆరు సిట్టింగుల డబ్బు ముందే కట్టమనే క్లినిక్ నుంచి లేచి రండి.

ఏడాది దాటినా మచ్చ వెడల్పుగానో, గుంటగానో, కీలును పట్టి లాగుతూనో ఉంటే ప్లాస్టిక్ సర్జన్ దాన్ని కోసి మళ్లీ కుట్టవచ్చు. కొన్నిసార్లు నిటారు గీతను జెడ్ ఆకారంలో విరిచి లాగుడు దిశనే మారుస్తారు. ఏడాదికి ముందు కోయమంటే చాలామంది సర్జన్లు ఒప్పుకోరు, సగం సర్దుకున్న మచ్చ ఎక్కడ ఆగుతుందో వాళ్లకూ తెలియదు కాబట్టి. కొత్త కోతకు గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. రెండో వారం తర్వాత టేపు, పన్నెండు వారాలు.